నా పేరు ఎవరు చెప్పారు

రెండేళ్ళుగా నేను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను. జవాబు ఇంతవరకు రాలేదు. ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నామన్నారు. వాట్సాప్‌లో అడిగితే రెండు నీలం టిక్కులు పడ్డాయి, అంతే. టీమ్ మేనేజరు గారికి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాశాను. అందినట్టు కార్డు తిరిగి వచ్చింది, దాని మీద మిల్లు వాచ్‌మన్ సంతకం ఉంది. ఆ ఉత్తరాన్ని ఎవరైనా విప్పారో లేదో ఆ వాచ్‌మన్‌కే తెలియాలి. వినాయక చవితి పందిట్లో మిల్లు ఓనరు గారు ఎదురుపడితే అడిగాను. "ఇప్పుడా మాస్టారూ, పండగపూట!" అని నా చేతిలో ప్రసాదం పెట్టి పక్కకి తిరిగారు. పండగ కాని పూట మిల్లుకి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్ళకి బాస్కెట్‌బాల్ తెలియకపోయినా ఇబ్బంది లేదు. ఒక మనిషి కోసం ఇంకో మనిషిని ఎలా ఇచ్చేస్తారో తెలిస్తే చాలు, అది అందరికీ ఎంతో కొంత తెలిసిందే.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. కాలేజీ రోజుల నుంచి బాస్కెట్‌బాల్ ఆడుతున్నాను. మా వైపు ఈ ఆట ఎవరికీ పెద్దగా పట్టదు. క్రికెట్‌కి జనం వస్తారు, కబడ్డీకి వస్తారు. మా ఆట చూడటానికి మా ఇళ్ళలోవాళ్ళే రారు. అలాంటిది కొన్నేళ్ళ కిందట నలుగురు వ్యాపారస్తులకి ముచ్చట పుట్టి, తలా ఒక టీము పెట్టి ఒక లీగ్ మొదలుపెట్టారు. గుంటూరు టీము ఒక పత్తి జిన్నింగ్ మిల్లు ఓనరు గారిది. సత్తెనపల్లి టీము ఒక విత్తనాల డీలరుది. ఒంగోలుది ఒక కోల్డ్ స్టోరేజీ ఆయనది, చీరాలది చీరల షాపు ఆయనది. శివరాత్రి వెళ్ళాక మొదలై, స్కూళ్ళకి సెలవులిచ్చే దాకా ప్రతి ఆదివారం ఆటలు. మాలో ఎవరికీ జీతాలు లేవు. రెండు జతల జెర్సీ, బూట్లు, ఆటయ్యాక టిఫిను. అయినా నలభైకి దగ్గరపడుతున్న నా బోటివాళ్ళకి పేరు రాసిన జెర్సీ వేసుకుని కోర్టులో దిగడమంటే చిన్న సంగతి కాదు.

మా కోర్టు మిల్లు వెనకాల ఉంది. ఒకప్పుడు పత్తి కుప్పలు పోసే సిమెంటు గచ్చు. ఎంత ఊడ్చినా దూది పింజలు ఎగురుతూనే ఉంటాయి, చెమట పట్టిన బంతికి అంటుకుంటాయి. పక్క రోడ్డు మీద మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, ఎత్తిన లారీలు వరస కట్టినప్పుడు కోర్టులో పదిమందికీ ఒకేసారి తుమ్ములు. అలవాటు లేని ఒంగోలు వాళ్ళు కావాలనే అక్కడ లారీలు ఆపిస్తున్నామని ఒకసారి కంప్లయింట్ కూడా ఇచ్చారు. నేను ఐదు సీజన్లు ఆ కోర్టులో ఆడాను. నా పని బంతిని ఈ కొస నుంచి ఆ కొసకి తీసుకెళ్ళి, వెయ్యగలిగినవాడి చేతికి అందించడం. అందించినవాడి పేరు ఎవరూ గుర్తుంచుకోరు. ఆ మాట ఫిర్యాదుగా చెప్పడం లేదు, ఆటలో నా స్థానం అది. ఫిర్యాదులు వేరే ఉన్నాయి. మూడో సీజన్ ఫ్లెక్సీలో నా మొహం మీదికి స్పాన్సరు విత్తనాల ప్యాకెట్టు బొమ్మ వచ్చి చెవి ఒక్కటే కనపడింది. నాలుగో సీజన్ సన్మానంలో నా వంతు వచ్చేసరికి శాలువాలు అయిపోయాయి. తర్వాత పంపిస్తామన్నారు. పంపలేదు.

వెయ్యగలిగినవాడు మా టీముకి రెండో సీజన్లో వచ్చాడు. సత్తెనపల్లి పక్కన పల్లెటూరు. వాళ్ళ నాన్న మూడెకరాల్లో పత్తి, మిర్చి వేస్తాడు. ఇతను మిల్లులో కాటా దగ్గర గుమాస్తాగా చేరాడు. ఆరడుగుల నాలుగంగుళాలు. కాటా గది గుమ్మంలోంచి వంగి బయటికి వస్తుంటే ఓనరు గారు చూసి, మర్నాడే జెర్సీ తొడిగారు. ఆట రాదు. నేను వేసే బంతి మొదట్లో అతని చేతుల్లో కంటే మొహం మీద ఎక్కువ పడేది. స్కూలు అయిపోగానే నేను మిల్లుకి వచ్చేవాణ్ణి, అతను కాటా మూసి వచ్చేవాడు. ఇద్దరమే. బుట్ట బోర్డు కింద అతను నిలబడితే నేను అన్ని వైపుల నుంచి బంతి వేసేవాణ్ణి.

"అన్నా, ముక్కు పగిలిపోతోంది."

"ముక్కుతో పట్టుకోమని ఎవడు చెప్పాడురా? చేతులున్నాయిగా."

"నువ్వెటు చూస్తున్నావో అటు వెయ్యట్లేదు గదన్నా!"

"నేనెటు చూస్తున్నానో అటు వేస్తే అవతలోడు తీసుకుంటాడు. నా కళ్ళు చూడకు. నా భుజం చూడు."

ఒక ఏడాదికి నా భుజం అతనికి వచ్చేసింది. మూడో ఏటికి మా నాలుగు ఊళ్ళలో అతన్ని ఆపగలిగినవాడు లేడు. వాళ్ళ ఊరి నుంచి ట్రాక్టరు నిండా జనం వచ్చి చూశారు. మా ఆటకి జనం రావడం నేను మొదటిసారి చూసింది అతని వల్లే.

ఇప్పుడు కాయితం సంగతి చెప్పాలి.

సీజను మొదట్లో జెర్సీలు పంచేటప్పుడు మేనేజరు గారు, అంటే మిల్లు అకౌంటెంటే, ఒక్కొక్కరి చేత రెండు కాయితాల మీద సంతకాలు పెట్టించుకునేవారు. ఒకటి ఈ టీములో చేరుతున్నట్టు. రెండోది ఆ ఏడాదిలో టీము మారడానికి ఒప్పుకుంటున్నట్టు. రెండో దాంట్లో ఏ ఊరు, ఏ తేదీ అన్నచోట ఖాళీ. "మళ్ళీ మళ్ళీ తిరగటం ఎందుకండీ, ఒకేసారి పెట్టేస్తే పనైపోద్ది" అనేవారు. మేమంతా పెట్టేసేవాళ్ళం. మా వైపు ఇది కొత్త కాదు. మా నాన్న మిర్చి యార్డులో కమీషన్ కొట్టుకి వెళ్తే కూర్చోగానే ముందు మజ్జిగ వచ్చేది, తర్వాత ఖాళీ కాయితం వచ్చేది. నాన్న చదివేవాడు కాదు. చదవడానికి ఏమీ ఉండేది కాదు కూడా. ఇదేంటని అడిగితే ఆ షావుకారు మొహం చిన్నబుచ్చుకునేవాడు. "ఏంటి, మామీద నమ్మకం లేదా?" అన్న ఆ ఒక్క మాట పడకూడదని ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ కాయితాల మీద సంతకాలు పెట్టాయి. చదువుకున్నవాణ్ణే అయినా మేనేజరు గారి ముందు నేనూ అదే చేశాను. ఐదు సీజన్లు, ఐదు ఖాళీ కాయితాలు.

అతను మాత్రం నాలుగో సీజను నుంచి రెండో కాయితం మీద పెట్టలేదు. వద్దని చెప్పింది నేను.

నాలుగో సీజను మొదలయ్యే ముందు ఒక సాయంత్రం, ప్రాక్టీసు అయ్యాక మిల్లు గేటు ఎదురుగా పునుగుల బండి దగ్గర నిలబడ్డాం. నాకు అమెరికా బాస్కెట్‌బాల్ వార్తలు ఫోన్లో చూసే పిచ్చి ఉంది. అక్కడ పెద్ద ఆటగాళ్ళు టీములు మారే తీరు ఆ రోజు అతనికి చెబుతున్నాను.

"అక్కడ స్టారనేవాడు ఓనరు దగ్గరికెళ్ళి, నాకిక్కడ ఉండాలని లేదు, ఫలానా ఊరికి పంపండి అంటాడు. పంపాల్సిందే."

"పంపకపోతే?"

"నడుం నొప్పంటాడు. ఆడడు. ఆడినా మొహం మాడ్చుకుని ఆడతాడు. టికెట్లు కొన్నవాళ్ళు గోల చేస్తారు. ఓనరే దిగొస్తాడు. కొందరైతే, నన్నడక్కుండా ఎక్కడికీ పంపకూడదని కాయితంలోనే రాయించుకుంటారు."

"అబ్బో. మరి మిగతావాళ్ళు?"

"మిగతావాళ్ళకేముంది. పొద్దున లేచి ఫోన్ చూసుకుంటే వాళ్ళ ఊరు మారిపోయుంటుంది. పెద్దోడి జీతానికి సరితూగాలిగా, అందుకని ఒకణ్ణో ఇద్దర్నో కలిపి పడేస్తారు."

"కొసరన్నమాట."

"కొసరే."

అతను ఇంకో పునుగు నోట్లో పెట్టుకున్నాడు. "మేనేజరు గారు ఆ రెండో కాయితం తెచ్చారన్నా ఇవాళ. పెట్టనా?"

"పెట్టకు."

"మరి నువ్వు పెట్టావుగా?"

"నేను ఆరడుగుల నాలుగంగుళాలు లేనుగా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. ఎవరికీ గుర్తుండని సంగతులు నాకు గుర్తుండటం నా ఖర్మ.

అప్పటి నుంచి అతని మాట మారింది. మేనేజరు గారు కాయితం తెస్తే "తర్వాత పెడతానండి" అనేవాడు. ఆ 'తర్వాత' ఎప్పటికీ వచ్చేది కాదు. సంతకం లేదు కాబట్టి అతను ఎప్పుడైనా వెళ్ళిపోవచ్చు, అతన్ని ఎవరికీ ఇవ్వడానికి లేదు. ఒంగోలు వాళ్ళు కబురు పెడుతున్నారని అందరికీ తెలుసు. అతను నోరు తెరవక్కర్లేదు, ఒంగోలు బస్సెక్కితే చాలు, చుట్టాలింటికి వెళ్ళినా సరే, మర్నాడు ఓనరు గారు కాటా గదికి స్వయంగా వచ్చేవారు. ముందు కొత్త బూట్లు వచ్చాయి. తర్వాత ప్రాక్టీసు వేళ అతని డ్యూటీకి తగ్గట్టు మారింది. నా స్కూలు వేళకి అది కుదరకపోయినా నేనేమీ అనలేదు. పైగా లోపల సంతోషించాను. ఒక ఆటగాడు ఓనరుని నిలబెట్టి మాట్లాడటం నేను ఫోన్లో చూడటమేగాని కళ్ళారా ఎన్నడూ చూసినవాణ్ణి కాదు. "చూశారా, వాడిదీ తెలివంటే" అని మిగతావాళ్ళతో అన్నాను కూడా.

ఐదో సీజన్ సగంలో మేము వరసగా రెండు ఆటలు ఓడిపోయాం. అతను ఓనరు గారికి ఒక మాట చెప్పాడు. చీరాల టీములో దూరం నుంచి వేసే షూటరు ఒకడున్నాడు, వాణ్ణి తెప్పించండి, లేకపోతే నేను వచ్చే ఏడాది సంగతి చెప్పలేను అని. ఈ సంగతి అతనే నాకు చెప్పాడు. నేను బాగుందన్నాను. నిజంగా బాగుందనే అనుకున్నాను. ఆ షూటరుకి బంతి ఎక్కడి నుంచి అందించాలో ఆ రాత్రంతా మనసులో లెక్కవేసుకున్నాను.

ఆ తర్వాత బుధవారం స్కూల్లో మధ్యాహ్న భోజనాల వేళ, చేతులు కడుక్కునే కుళాయిల దగ్గర పిల్లల్ని వరసలో నిలబెడుతున్నాను. జేబులో ఫోన్ మోగింది. మా టీమ్ గ్రూపులోంచి మేనేజరు గారు నన్ను తీసేశారు. పొరపాటున వేలు తగిలిందేమో అనుకుని ఆయనకే ఫోన్ చేశాను.

"పొరపాటేం కాదు మాస్టారూ. మీరిప్పుడు చీరాల గదా. ఆళ్ళు ఆళ్ళ గ్రూపులో కలుపుతారు."

"చీరాల ఏంటండీ? ఎవరు పంపారు?"

"కాయితం మీద మీ సంతకం ఉందండీ."

"సంతకం నాదే. చీరాల అని రాసిందెవరు?"

"నేనే రాశాను. మన ఆఫీసులో నా చేతిరాతే బాగుంటది."

"రాయమన్నదెవరు?"

"మాస్టారూ, పేమెంట్ల టైము, మళ్ళీ మాట్లాడుకుందాం" అని పెట్టేశారు. ఆ 'మళ్ళీ' ఇంకా రాలేదు.

ఇంటికి వెళ్ళి మా ఆవిడకి చెప్పాను. "పోనీ మానెయ్యకూడదూ? మోకాళ్ళకి రోజూ ఆ తైలం రాయలేక ఛస్తున్నా" అంది.

"మానేస్తే అలిగానంటారు."

"అలగలేదా మరి?"

ఆదివారం పొద్దున చీరాల వెళ్ళే రైలెక్కాను.

చీరాలలో కోర్టు వాడరేవు వెళ్ళే దారిలో ఉంది. సముద్రం కనపడదుగాని దాని గాలి కనపడుతుంది, వేసిన బంతి వేసినట్టు వెళ్ళదు. టీమ్ కెప్టెన్ ముస్లిం, బజార్లో ఫ్రిజ్‌లు బాగుచేసే షాపు ఉంది. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. చేయి కలిపి, నన్ను ఎగాదిగా చూశాడు.

"రండి సార్. మా షూటరు పోయాడు, మీరొచ్చారు. అల్లా దయ." నేను మూడు బంతులు వేస్తే మూడూ పక్కకి పోయాయి. "బుట్ట వైపు వెయ్యమాకండి సార్. గాలి వైపు వెయ్యండి. గాలే తీసుకొచ్చి అందులో పడేస్తది."

"నన్ను మీరు అడిగారా?" అన్నాను.

"ఏంటి సార్?"

"గుంటూరు వాళ్ళని. నన్నే ఇమ్మని మీరు అడిగారా?"

అతను మొహమాటపడ్డాడు. మంచివాడు, అబద్ధం చెప్పడం చేతకాదు. "నిజం చెప్పాలంటే మేం ఎవర్నీ అడగలేదు సార్. షూటరు కావాలంటే బదులు ఎవరో ఒకర్ని ఇవ్వండి, టీముకి పదిమంది ఉండాలిగా అన్నాం. అంతే. ఏమనుకోమాకండి."

ఎవరో ఒకరు. నేను ఐదేళ్ళు ఆడిన టీములోంచి 'ఎవరో ఒకరు' కావలసి వచ్చినప్పుడు నన్ను తీశారు. అప్పుడే నా ప్రశ్న పుట్టింది. ఇంత చిన్న ఎంపిక కూడా ఎవరో ఒకరు చేసి ఉండాలి. ఓనరు గారికి మా పేర్లే సరిగా తెలియవు, అందర్నీ మాస్టారూ, తమ్ముడూ అని లాగించేవారు. మేనేజరు గారు చెప్పింది రాసే మనిషి. మిగిలింది అతను. అతను కోరిన మార్పిడి అది. అతన్ని అడగకుండా ఆ రోజుల్లో ఆ టీములో మంచినీళ్ళ డబ్బా కూడా మార్చేవాళ్ళు కాదు.

మూడు వారాలకి ఆ సీజన్ ఆట మా రెండు టీముల మధ్య పడింది. గుంటూరులోనే. నా పాత కోర్టులో ఎదుటి జెర్సీ వేసుకుని దిగాను. రెండో సగంలో మావాడొకడు అతని మీద ఫౌల్ చేశాడు, అతనికి రెండు ఫ్రీ త్రోలు, అంటే ఎవరూ అడ్డు రాకుండా వేసే బంతులు. అతను గీత మీద నిలబడి బంతి నేలకి కొడుతున్నాడు. నేను పక్క వరసలో ఉన్నాను. అంతకంటే దగ్గరగా అతను ఈ మధ్య నాకు దొరకలేదు.

"నా పేరు ఎవరు చెప్పారు?"

"అన్నా, ఆట."

"ఒక్క మాట. ఎవరు చెప్పారు?"

"ఇప్పుడు కాదన్నా. వెయ్యనివ్వు."

"నువ్వా?"

అతను బంతి కొట్టడం ఆపాడు. నా వైపు చూడకుండా, చాలా మెల్లగా అన్నాడు: "ముగ్గురి పేర్లు చదివారన్నా. మేనేజరు గారు చదివారు. నేను..."

రిఫరీ విజిల్ వేశాడు. "ఓ మాస్టారూ! స్టాఫ్ రూమా ఇది? నోరు మూసుకుంటారా, ఫౌల్ ఇవ్వమంటారా?" జనం నవ్వారు. అతను మొదటిది తప్పాడు, రెండోది వేశాడు. మేము ఓడిపోయాం. ఆట అయ్యాక నేను చేతులు కడుక్కుని వచ్చేసరికి అతను ఓనరు గారి కారులో వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మెసేజ్ పెట్టాను. ముగ్గురి పేర్లు చదివారు, తర్వాత నువ్వేమన్నావు? నీలం టిక్కులు. మర్నాడు మళ్ళీ పెట్టాను. పండగలకి అందరికీ పంపే బొమ్మలు నాకూ పంపిస్తాడు, రంగుల ముగ్గులు, దీపాలు. వాటి కిందే నా ప్రశ్న మళ్ళీ పెడతాను.

ఈ రెండేళ్ళలో అటూ ఇటూ విన్నవి ఒకదానికొకటి పొసగవు. మేనేజరు గారు ఎవరితోనో, ఆ అబ్బాయి నోరెత్తలేదు, నేనే ఏదో ఒకటి రాసేశాను అన్నారట. ఓనరు గారు చీరల షాపు ఆయనతో, మావాడే వేలు పెట్టి చూపించాడు అన్నారట. ఆ షూటరుని రైల్వే స్టేషన్లో పట్టుకుని అడిగితే, "నాకేం తెల్దన్నా, రమ్మన్నారు, వచ్చా. నన్ను మాత్రం ఎవరడిగారు" అన్నాడు. అదీ నిజమే. వాడూ సంతకం పెట్టినవాడే.

ఎందుకింత పట్టుదల అని మా ఆవిడ అడుగుతుంది. అతను నా పేరు చెప్పి ఉంటే, నన్ను మిగతా ఇద్దరితో పోల్చి చూశాడని అర్థం. మాస్టారి కాళ్ళు బరువెక్కాయి, పరిగెత్తలేడు అనుకుని ఉంటాడు. అది ఆటగాడి నిర్ణయం. అతని స్థానంలో ఉంటే నేనూ అలాగే అనుకునేవాణ్ణేమో. కాని పేర్లు చదువుతుంటే ఏమీ అనకుండా ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడనుకోండి, నా పేరు దగ్గర కూడా తల ఎత్తలేదనుకోండి, అది వేరు. ఈ రెండిట్లో ఏది జరిగిందో తెలియక నేను రెండూ మోస్తున్నాను. అలసిపోయాను. ఏదో ఒకటి దింపుకోవాలి.

ఇది రాయడానికి కూర్చున్నప్పుడు ఇంకొకటి గుర్తొచ్చింది. రాయకుండా వదిలేస్తే నాకు ఇతరుల్ని అడిగే అర్హత ఉండదు.

రెండో సీజన్లో మా టీములో బెంచీ మీద కూర్చునే కుర్రాడొకడు ఉండేవాడు, పాతికేళ్ళవాడు. అతన్ని సత్తెనపల్లి టీముకి ఇచ్చారు. ఇచ్చే ముందు మేనేజరు గారు నా దగ్గరికి వచ్చి, "ఆ అబ్బాయి పోతే మీకేమన్నా ఇబ్బందా మాస్టారూ?" అన్నారు. నేను బూటు లేసు కట్టుకుంటున్నాను. "నాకేంటండీ" అన్నాను. తల ఎత్తలేదు. ఆ సంగతి ఇన్నేళ్ళు నాకు గుర్తే లేదు. నాకు జరిగినవన్నీ తేదీలతో సహా గుర్తున్నాయి, నేను చేసింది మాత్రం లేదు.

కిందటి నెలలో ఒక ఆదివారం సత్తెనపల్లి వెళ్ళాను. ఆ కుర్రాడు అక్కడే సెల్‌ఫోన్ షాపు పెట్టుకున్నాడు. ఎవరో రైతు ఫోన్‌కి గ్లాసు అతికిస్తున్నాడు. నన్ను చూసి లేచి, స్టూలు జరిపాడు.

"ఏంటి మాస్టారూ, ఇటొచ్చారు? ఫోనేమన్నా పాడైందా?"

"లేదయ్యా. నిన్ను ఇక్కడికి ఇచ్చినప్పుడు నన్నడిగారు. నాకేంటండీ అన్నాను. అది చెబుదామని వచ్చా."

అతను గ్లాసు కింద బుడగని వేలితో అంచు దాకా నెట్టి, ఫోన్ ఆ రైతు చేతిలో పెట్టాడు. "తెలుసు మాస్టారూ. గోడవతల బాటిల్లో నీళ్ళు పట్టుకుంటున్నా అప్పుడు."

"ఎప్పుడూ అనలేదేం?"

"ఏమనాలి? అంటే మీరేం చెప్పేవారు?"

"ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేవాణ్ణి."

"అందుకే అనలా." తుడిచిన కౌంటరే మళ్ళీ తుడిచాడు. "ఆ ఏడాది ఆట మానేశా. మళ్ళీ ఆడలేదు. మీ మీద కోపంతో కాదులెండి, మనసు పోయింది." తర్వాత అన్నాడు: "వచ్చి చెప్పారు. సరే."

క్షమించానని అనలేదు. టీ తాగమని కూడా అనలేదు. నేను అడగలేదు. బస్టాండుకి నడిచి వస్తుంటే, అతనికి ఇవ్వవలసింది ఇచ్చేసినట్టే అనిపించింది, కాని తేలికగా మాత్రం లేదు.

ఇప్పుడు ఈ సీజన్ సంగతి. మిల్లు టీముకి విజయవాడ నుంచి ఇంకా పొడుగు కుర్రాడు వచ్చాడు, ఇరవై ఏళ్ళు. మా కాటా గుమాస్తాకి కిందటేడు చీలమండ బెణికి ఇంకా పూర్తిగా నయం కాలేదు. ఒంగోలు వాళ్ళు పిలవడం మానేశారు. ఈసారి మేనేజరు గారు రెండో కాయితం తెస్తే, తర్వాత పెడతాననలేదట. పెట్టేశాడట. ఇప్పుడు అతని పేరు కూడా చదివే పేర్లలో ఉంది. చీరాలకి ఇస్తామని కబురు వచ్చింది.

మొన్న ప్రాక్టీసు అయ్యాక కెప్టెన్ నన్ను పక్కకి పిలిచాడు.

"సార్, మీ పాత దోస్తుని ఇస్తామంటున్నారు. తీసుకుందామా?"

"నన్నెందుకు అడుగుతున్నావు?"

"బంతి అందించేది మీరు గదా సార్. మీకూ ఆయనకీ మాటల్లేవని ఊరంతా తెలుసు. మీరు వద్దంటే వద్దంటా. శివరాత్రి లోపు చెప్పాలి."

నాకు తెలిసుండగా మొదటిసారి, ఒక మనిషి ఎక్కడ ఆడాలో నా మాట మీద ఆగింది. పెద్ద ఆటగాళ్ళు ఫోన్లో ఎలా కనపడతారో అలా ఉంటుందనుకున్నాను. అలా ఏమీ లేదు. ఎలాగైనా జవాబు మాత్రం తల ఎత్తి చెప్పాలనుకున్నాను.

"అతన్ని ఒక ప్రశ్న అడిగాను. దానికి జవాబు రానీ, చెబుతాను."

"మీరు మారరు సార్" అన్నాడు కెప్టెన్. "ఆయన చెప్పకపోతే?"

అందుకే ఇదంతా నీకు చేరేలా రాస్తున్నాను తమ్ముడూ. నువ్వు చదువుతావని తెలుసు, నీలం టిక్కులు ఎప్పుడూ పడుతూనే ఉన్నాయిగా. నేను నిన్ను బేరం పెట్టడం లేదు. నా పేరు నువ్వే చెప్పానన్నా తీసుకోమనే చెబుతాను. చెప్పలేదు, తల కూడా ఎత్తలేదు అన్నా తీసుకోమనే చెబుతాను. నీ చీలమండకి తగ్గట్టు కాస్త తక్కువ ఎత్తులో అందిస్తాను. కాని ఏమీ చెప్పకుండా నువ్వు వచ్చి ఆ బోర్డు కింద నిలబడితే, ఏ వైపు చూసి బంతి వెయ్యాలో నాకు తెలియదు. ఆ గదిలో ముగ్గురి పేర్లు చదివారు. నువ్వు "నేను" అని ఆగిపోయావు. ఆ తర్వాత ఏముంది? శివరాత్రికి ఇంకా పదకొండు రోజులుంది. ఫోన్లో వద్దు, బొమ్మలు పంపకు. మా ఇల్లు నీకు తెలుసు. వచ్చి చెప్పు.